ఆడదైతే వద్దండి: మా బూరి పిల్లల్ని సాగనంపిన నా అనుభవం

మాది రాజోలు పక్కన ఓ పల్లెటూరు. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు, వెనకాల పంటబోది, ఆ అవతలంతా వరిచేలు. బూరి మేం తెచ్చుకున్న కుక్క కాదండి. ఆషాఢం వానల్లో బోదిగట్టు మీంచి వచ్చి మా అరుగు కింద పడుకుంది, ఇంక కదల్లేదు. రంగు అచ్చం బూరె రంగు, అందుకని మా పాప ఆ పేరు పెట్టేసింది. అప్పట్లో పక్కటెముకలు కనిపిస్తూ ఉండేది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేద్దామని పశువుల ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు గారు "ముందు కాస్త కండ పట్టనివ్వమ్మా, దీనికి రక్తం లేదు" అన్నారు. సరేనని నూకలన్నం, ముళ్ళు తీసిన చేప తలకాయలు పెట్టి మేపాం, తీరా కండ పట్టే టైముకి చిత్తకార్తె వచ్చేసింది. ఇంకేముంది, ఊళ్ళో మగకుక్కలన్నీ మా గేటు ముందే. మా అత్తయ్య కర్ర పట్టుకుని కాపలా కాసినా లాభం లేకపోయింది.

కుక్క మోసే కాలం 63 రోజులు, కొద్ది రోజులు అటూ ఇటూ. అంటే సార్వా కోతలు అయిపోయి ధాన్యం ఇంటికి చేరేసరికి పిల్లలు పెడుతుందని లెక్కేసుకున్నాం. డాక్టరు గారు ఇంకో గుర్తు కూడా చెప్పారు, మామూలుగా కుక్క ఒంటి వేడి 101, 102 ఫారెన్‌హీట్ అలా ఉంటుంది, 99 కంటే కిందకి దిగితే ఒక రోజులో పిల్లలు పెట్టేస్తుందని. వినడానికి బానే ఉంది గానీ ఆ థర్మామీటరు పెట్టాల్సింది వెనకవైపు. బూరి చూసిన ఒక్క చూపుకి మా ఆయన దాన్ని మళ్ళీ డబ్బాలో పెట్టేసి "దానికి తెలీదా ఎప్పుడు పెట్టాలో" అన్నారు.

వరండాలో గోనెపట్టాలు పరిచి మంచి చోటు తయారుచేశాం. అది మాత్రం వెళ్ళి కొబ్బరి డొక్కలు పోసే పాకలో గొయ్యి తవ్వుకుని అక్కడే పెట్టింది. ఆరు. ఒక్కో పిల్ల పొరలో చుట్టుకుని వస్తుంది, తల్లే ఆ పొర చింపి, బొడ్డు కొరికి, పిల్ల కీచుమనేదాకా నాకుతూనే ఉంటుంది, మనం చెయ్యి పెట్టాల్సిన పనేం లేదు. గట్టిగా నొప్పులు పడుతూ అరగంట దాటినా పిల్ల రాకపోతే మాత్రం ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. తెల్లారేసరికి ఐదు మిగిలాయి. పోయినదాన్ని అత్తయ్య కొబ్బరిచెట్టు మొదట్లో పాతేసింది. ఉన్నవాటిలో మగవి రెండు, ఆడవి మూడు. ఆ ఆడవాటిలో ఒకటి మరీ పిడికెడు కూడా లేదు.

ధనుర్మాసం చలి మన వైపు పెద్దదేం కాదు గానీ పుట్టిన పిల్లకి అది కూడా ఎక్కువే, మొదటి రెండు వారాలు వాటి ఒళ్ళు వాటంతట అవి వేడి చేసుకోలేవు. పాకలో కిందనుంచి తేమ. అందుకని రొయ్యల ట్రే ఒకటి తెచ్చి, అడుగున గోనె, పైన పాత నూలు చీర ముక్కలు వేసి, ఒక మూల పైనుంచి 60 వాట్ల బల్బు వేలాడదీశాం. ఒక మూలే, మొత్తం కాదు, వేడెక్కువైతే పిల్ల పక్కకి జరగడానికి చోటుండాలి. కరెంటు పోతే సీసాలో వేడినీళ్ళు పోసి గుడ్డ చుట్టి మధ్యలో పెట్టేవాళ్ళం.

ఆ పిడికెడు పిల్లతోనే అసలు గొడవ. మిగతావి దాన్ని తోసేసి పాలు తాగేస్తున్నాయి. పట్టుకుంటే చల్లగా ఉంది. అత్తయ్య వెంటనే గ్లాసుతో ఆవుపాలు తెచ్చింది. నేను డాక్టరు గారికి ఫోన్ చేశాను కాబట్టి సరిపోయింది, ఆయన చెప్పిందేంటంటే చల్లబడిన పిల్లకి ముందు వేడి, తర్వాతే పాలు, చల్లటి కడుపులో పాలు అరగవు. పైగా కుక్కపాలల్లో కొవ్వూ ప్రోటీనూ ఆవుపాలకి రెట్టింపు పైనే ఉంటాయి, కాబట్టి ఒట్టి ఆవుపాలు చాలవు. చీర కొంగులో చుట్టి పొట్టకి ఆనించుకుని కూర్చున్నాను, వెచ్చబడ్డాక తీసుకెళ్ళి బూరి వెనక చన్ను దగ్గర పెట్టి, మిగతావాటిని కాసేపు పక్కకి తీసేశాను. మొదటి రోజు జున్నుపాలు కడుపులో పడితే చాలావరకు గట్టెక్కినట్టే. తర్వాత కొన్నాళ్ళు డాక్టరు గారు రాసిన పాలపొడి సూది లేని సిరంజితో పట్టాం, బోర్లా పడుకోబెట్టే పట్టాలి, పసిపిల్లలకి పట్టినట్టు వెల్లకిలా పెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

రోజూ తూచడానికి వంటింటి డిజిటల్ కాటా వాడాం. బరువు రోజూ పెరగాలి, వారం పది రోజులకి పుట్టినప్పటికి రెట్టింపు అవ్వాలి. ఐదూ ఒకే రంగులో గోధుమ ముద్దల్లా ఉంటే ఏది ఎంతుందో ఎలా తెలుస్తుంది, మెడకి దారం కడదామంటే ప్రమాదం, అందుకని మా పాప నెయిల్ పాలిష్ తెచ్చి ఒక్కోదానికి కుడి ముందుకాలి గోటికి ఒక్కో రంగు వేసింది. బక్కదానికి గులాబీ. ఆ రోజు నుంచి పేర్లు అవే, నీలం ఎంత తూగింది, ఎరుపు ఎక్కడుంది, గులాబీ తాగిందా.

బూరి మాత్రం మారిపోయింది. ఎవర్నీ ఏమీ అనని కుక్క, పొద్దున్నే హరిదాసు గారు గుమ్మంలోకి వస్తే పళ్ళు బయటపెట్టింది. ఆయన "తల్లి కదమ్మా" అని దూరంగానే నిలబడి బియ్యం వేయించుకుని వెళ్ళేవారు పాపం.

కళ్ళు రెండో వారంలో తెరిచాయి, చెవులు ఇంకొన్నాళ్ళకి. మూడు వారాలు దాటాక నూక జావ బాగా పల్చగా పళ్ళెంలో పెడితే తినడం తక్కువ, అందులో నడవడం ఎక్కువ. నట్టల మందు రెండు వారాల వయసులో మొదలుపెట్టి, రెండేసి వారాలకోసారి వేశాం. అది బరువుని బట్టి కొలిచి వెయ్యాలి కాబట్టి కాటా అక్కడా పనికొచ్చింది. గోమార్లని సన్న పళ్ళ దువ్వెనతో దువ్వి తీసి సబ్బునీళ్ళలో వేశాం, పెద్ద కుక్కలకి వాడే మందు చంటిపిల్లలకి పూస్తే ప్రాణం మీదకి వస్తుంది.

ఇంక సంక్రాంతి. హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు వాళ్ళు, ఆవిడ తోటికోడలి పిల్లలు, కారు నిండా జనం. చెవులు కొత్తగా తెరుచుకున్న పిల్లలు భోగి మంట చప్పుళ్ళకి ట్రే మూలకి దూరి వణికాయి. అది చూసి ముద్దొచ్చి, కనుమ నాడు ఊరెళ్ళేటప్పుడు "వదినా, ఆ మగది మాకిచ్చెయ్యి, తీసుకెళ్ళిపోతాం" అంది. ఇంకా నెల కూడా నిండలేదు. నేను ఇవ్వనన్నాను. ఆవిడ మొహం మాడ్చుకుంది, మా ఆయన నావైపు చూసి ఊరుకున్నారు, అన్నయ్యగారు "కుక్కపిల్లే కదమ్మా" అన్నారు. అన్నయ్యగారూ, కుక్కపిల్లల్ని అమ్మేవాళ్ళకైనా 8 వారాలు నిండకుండా అమ్మకూడదని 2017లో కేంద్రం రూల్సు పెట్టింది, నేను ఊరికే ఇస్తున్నా పిల్లకి ఆ వయసు నిండాల్సిందే కదా అన్నాను. తల్లి దగ్గర, తోటి పిల్లల దగ్గర ఉంటేనే ఎంత గట్టిగా కొరికితే అవతలిదానికి నొప్పెడుతుందో నేర్చుకుంటుంది, ముందే లాగేస్తే ఆ కొరుకుడంతా మీ పిల్లల చేతుల మీదే. ఫిబ్రవరిలో ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్ళండన్నాను. అపార్ట్‌మెంట్ వాళ్ళు ఒప్పుకోవట్లేదు వదినా అంది. అనుకున్నదే.

ఏడో వారంలో మొదటి టీకా. మందు రాజోలు నుంచి థర్మాస్‌లో ఐసు వేసి తెచ్చాం, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచకపోతే అది నీళ్ళతో సమానం. పార్వో జబ్బుతో పాటు, ఎలుకల ఉచ్చ వల్ల వచ్చే లెప్టో జబ్బుకి కూడా పనిచేసే టీకా వేయించాం, చేలగట్ల మీద ఎలుకలు, బోదిలో నీళ్ళు, మన డెల్టాలో అది వదిలేస్తే కుదరదు. పార్వో అయితే పిల్లల్ని వాంతులు, నెత్తురు విరేచనాలతో రెండు మూడు రోజుల్లో తీసుకుపోతుంది, మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. అందుకని టీకాలు పూర్తయ్యేదాకా రోడ్డు మీదకి వదలొద్దని తీసుకెళ్ళే ప్రతివాళ్ళకీ చెప్పాను. 16 వారాల దాకా మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్లు, మూడు నెలలకి ర్యాబిస్ టీకా. తేదీలన్నీ ఒక్కో కార్డు మీద రాసి ఇచ్చాను.

ఇంక పంపించడం. అడిగినవాళ్ళు బోలెడుమంది. మొదటి మాట "ఏ బ్రీడండి?" రెండోది "మగదేనా?" ఆడదనగానే "ఆడదైతే వద్దండి, ఏడాదికి రెండుసార్లు గోల" అని వెళ్ళిపోయేవారు. ఆరు నెలల వయసులో ఆపరేషన్ చేయిస్తే ఆ గోలే ఉండదండి అంటే వినేవాళ్ళు తక్కువ.

నేను అందర్నీ ఒకటే అడిగేదాన్ని, దీనికి అన్నం పెట్టేది ఎవరు అని. తీసుకెళ్ళేవాళ్ళు వేరు, పెట్టేవాళ్ళు వేరు. రొయ్యల చెరువు ఉన్న రైతు ఒకాయన కారులో వచ్చి కాపలాకి మగది కావాలన్నారు. అన్నం ఎవరు పెడతారండి అంటే కారు పక్కన నిలబడ్డ కుర్రాణ్ణి చూపించారు, చెరువు గట్టు మీద షెడ్డులో ఉండేది ఆ అబ్బాయే. అప్పటిదాకా ఆ అబ్బాయిని ఎవరూ ఏమీ అడగలేదు. "ఏం బాబూ, గొలుసు వేసి ఉంచేస్తారా?" అన్నాను. "లేదండి, గొలుసేస్తే అదేం కాస్తదండి, రాత్రి నాతోపాటు గట్టు చుట్టూ తిరగాలి కదండి" అన్నాడు. ఎండకి నీడ ఉందా, మేత బస్తాలూ మందులూ అందకుండా పెడతావా అంటే అన్నిటికీ ఆయ్ ఆయ్ అన్నాడు. నీలం గోటి పిల్లని ఆ అబ్బాయి చేతిలో పెట్టాను, రైతు గారి చేతిలో కాదు. రెండో మగది మా వీధి ఆటో అబ్బాయి వాళ్ళింటికే వెళ్ళింది, రోజూ కనబడుతుంది.

ఆడవాటిలో పసుపుది నర్సాపురం వెళ్ళింది. రిటైరైన మాస్టారు, ఆయన భార్య. పెరట్లో గోడ ఉంది, పిల్లలు అమెరికాలో, ఆవిడే అన్నం పెడతారు, ఆపరేషన్ సంగతి నేను చెప్పకముందే వాళ్ళే చెప్పారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి మేమే తీసుకెళ్ళాం. అంతర్వేది తీర్థం రోజులు, పంటు నిండా మోటారుసైకిళ్ళు, జనం, పీపీ బూరలు. బుట్టలో బూరి పడుకున్న చీరముక్క వేసి దాని మీద కూర్చోబెట్టాను. వశిష్ఠ గోదావరి మధ్యకి వెళ్ళేదాకా కుయ్ కుయ్ మంటూనే ఉంది, తర్వాత బుట్ట అంచు మీద గడ్డం ఆనించి నీళ్ళ వంక చూస్తూ వాంతి చేసుకుంది. పొద్దున్న ఏమీ పెట్టకుండా తీసుకురావాల్సిందమ్మా అని పక్కనున్న పెద్దాయన సలహా, నిజమే, కడుపు ఖాళీగా ఉంటే మంచిది ప్రయాణానికి. ఆ చీరముక్కని ఉతక్కుండా అలాగే పక్కలో వెయ్యండి అని మాస్టారి భార్యకి ఇచ్చి వచ్చాం. తల్లి వాసన ఉంటే మొదటి రాత్రిళ్ళు ఏడుపు తగ్గుతుంది.

ఎరుపుదాన్ని ఒక కొట్టు ఆయన తీసుకెళ్ళి నాలుగు రాత్రులు కాకుండానే తెచ్చి వదిలేశాడు, రాత్రంతా ఏడుస్తోందట. చీరముక్క ఏదండి అంటే కంపు కొడుతోందని పారేశాం అన్నాడు. నేనేం అనలేదు, పిల్ల వెనక్కి వచ్చింది, అది చాలు. సరిగ్గా ఆ వారమే చెరువు కుర్రాడు టీకా కార్డు పట్టుకుని వచ్చాడు, రెండో డోసు ఎక్కడ వేస్తారో అడగడానికి. ఎరుపుదాన్ని చూసి "ఇదీ ఇచ్చెయ్యండి, ఆడది గట్టు వదిలి పోదండి, మగయ్యే తిరుగుళ్ళు" అన్నాడు. రైతు గారిని అడగాలి కదా అంటే అక్కడే ఫోన్ చేసి ఒప్పించేశాడు. ఆపరేషన్ ఖర్చు సగం మాది అన్నాను, మిగతా సగం రైతు గారు పెట్టుకుంటామన్నారు.

చివరికి గులాబీ. దాన్ని ఇవ్వాలంటే నాకే మనసు ఒప్పలేదు గానీ ఇంట్లో బూరి ఉంది, ఇంకోటంటే అత్తయ్య నన్నూ బయటికి పంపేస్తుంది. పక్కూళ్ళో లేసు అల్లే ఒక అక్క వచ్చింది, పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని కొక్కెం ఆడిస్తూ ఉంటుంది, అంటే ఇంట్లో ఎప్పుడూ మనిషి ఉంటారు. అన్నం నేనే పెడతాను, నాకు తోడు అంది. ఊరికే ఇవ్వకూడదని అత్తయ్య పట్టుబడితే అక్క రూపాయి బిళ్ళ ఒకటి ఇచ్చి, గులాబీని పమిటలో చుట్టుకుని వెళ్ళింది.

బూరికి పాలు ఎండిపోయాక ఆపరేషన్ చేయించేశాం. కుట్లు నాక్కుండా మా పాప పాత టీషర్టు వేస్తే, దాన్ని వేసుకునే గేటు దగ్గరికెళ్ళి మగకుక్కల మీద మొరిగింది.

మొన్న లేసు అక్క ఫోన్ చేసింది. గులాబీ బానే ఉంది, బాగా తింటోంది, నట్టల మందు కూడా వేయించిందట. కాకపోతే షాపు వాళ్ళకి ఇవ్వాల్సిన టేబుల్ క్లాత్ అంచు కొరికేసింది, దారం ఉండని మంచం కిందంతా తిప్పింది, ఆ దారం డబ్బులు నువ్వే ఇవ్వాలి అంది. నవ్వుతూనే అంది గానీ, ఇచ్చేశాను.