తాత కుంకుమ భరిణె ఎరుపు

శనివారం. కూరగాయలకని బయల్దేరితే, దారిలో పాత సామాన్లు వేలం వేసే హాలు తలుపులు తీసి ఉన్నాయి. లండన్‌కి వచ్చి ఆరేళ్ళయినా ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు. ఇవాళ వెళ్ళాను.

ఒక బల్ల మీద మూరెడు ఎత్తు గడియారం. 18వ శతాబ్దంలో లండన్‌లో చేసిన బ్రాకెట్ క్లాక్ అని చీటీ. ఒళ్ళంతా ఎరుపు. ఆ ఎరుపు మీద బంగారు మేడలు, చిన్న వంతెన, గొడుగు పట్టుకున్న మనిషి, కొంగలు. బొమ్మలు కొంచెం ఉబ్బెత్తుగా ఉన్నాయి. అక్కడ పనిచేసే ఆవిడ వెనక తలుపు తీసి చూపించింది. లోపలి ఇత్తడి రేకు మీద కూడా తీగలు, పువ్వులు చెక్కారు! పైన పిడి ఉంది. అప్పట్లో గడియారం ఖరీదైన వస్తువు కదా, రాత్రి పడకగదికి మోసుకెళ్ళేవాళ్ళట. పక్కనున్న తాడు లాగితే గంటలు మళ్ళీ కొడుతుంది. చీకట్లో దీపం వెలిగించకుండానే టైం తెలిసిపోతుంది. ఆవిడ లాగింది. పదకొండు గంటలూ విన్నాను.

ఈ పూతపనిని జపానింగ్ అంటారట. జపాన్ వాళ్ళది చెట్టు పాలతో వేసే పూత. ఆ పాలు ఇంగ్లండ్‌లో దొరకవు. అందుకని లక్కను స్పిరిట్‌లో కరిగించి, పొర మీద పొర వేసి, నునుపు చేసేవాళ్ళు. 1688లోనే స్టాకర్, పార్కర్ అనే ఇద్దరు ఈ పని గురించి పుస్తకం వేశారు. ఆ లక్క ఎక్కువగా వెళ్ళింది మన దేశం నుంచే.

లక్క మాట వినగానే నాకు కాళ్ళు కదల్లేదు. మాది ఏటికొప్పాక. తిరుగుతున్న అంకుడు కర్రకి తాత రంగు లక్క ఆనిస్తే, రాపిడి వేడికి కరిగి అంటుకునేది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరిసేది. ఆ వాసన ఇప్పటికీ నాకు తెలుసు. ఆ గడియారం మీద జపాన్ పేరుంది, చైనా బొమ్మలున్నాయి, లండన్ పనివాళ్ళ చెయ్యి ఉంది. లక్క పురుగును పెంచి, కొమ్మల నుంచి గీరి తీసిన మన మనుషుల ఊసు ఆ చీటీలో లేదు. ఉండాల్సింది. బాధేసింది.

రాత్రి అమ్మకి ఫోన్‌లో చెప్పాను. "ఏ ఎరుపురా?" అంది.

"తాత కుంకుమ భరిణెలకి వేసే ఎరుపే అమ్మా."