ప్యాచ్ అంటే బ్యాచ్ అని వినే చెవి

కాల్‌లో మనం ‘ప్యాచ్ ఆగిపోయింది’ అంటాం, అంటే సాఫ్ట్‌వేర్‌కు వేసే సవరణ. అవతలి అమెరికన్ బ్యాచ్ జాబు, అంటే గుంపుగా నడిచే పనుల లాగ్ తెరిచి వెతుకుతాడు. ఏమీ దొరక్క, ‘కాస్త స్పష్టంగా మాట్లాడండి’ అంటాడు. నలుగురి ముందు ఆ మాట గుచ్చుకుంటుంది. నిజానికి ఇందులో అస్పష్టత ఏమీ లేదు. మన ‘ప’ వాళ్ళ చెవికి ‘బ’, అంతే.

పెదవులు విడిపోయాక గొంతు మోగడానికి ఎంతసేపు పట్టిందన్నది మెదడు చూసే ముఖ్యమైన ఆనవాలు. ఇంగ్లీషు మాట మొదట్లో వచ్చే ‘ప’కు సుమారు 60 మిల్లీసెకన్లు పడుతుంది, ఈలోగా గాలి బుస్సుమంటుంది. మన ‘ప’కు 10, 15కు మించదు. ఇంగ్లీషు వాళ్ళ మెదడులో సరిహద్దు 25 దగ్గర ఉంటుంది. అంతకు తక్కువైతే ‘బ’ గంపలో వేసేస్తుంది. మనకు ఈ తికమక లేదు, ఎందుకంటే మన ‘బ’కు పెదవులు విడవకముందే గొంతు మోగుతుంది.

అందుకే రెండోసారి గట్టిగా అరిచినా లాభం లేదు. గొంతు పెరుగుతుంది గానీ ఆ వ్యవధి పెరగదు. నోటికి రెండంగుళాల దూరంలో టిష్యూ ముక్క పట్టుకుని చూడండి. ‘పప్పు’ అంటే అది ఇంచుమించు కదలదు, ‘ప్యాచ్’ అన్నప్పుడు ఎగరాలి. ఇక్కడే చాలామంది ఒత్తు పలకబోయి, పై పళ్ళు కింది పెదవికి ఆనించి ‘ఫ్యాన్’లోలాగా ‘ఫ్యాచ్’ అనేస్తారు. రెండు పెదవులూ పూర్తిగా మూసి, విడిచి, అచ్చు మొదలయ్యేలోపు ‘హ’ అంత గాలి వదలాలి. టైమ్, కోడ్‌ల మొదటి ధ్వనికీ ఇలాగే గాలి వదలాలి. ‘స్పీడ్’లో మాత్రం వద్దు, ‘స’ తర్వాత వాళ్ళూ గాలి వదలరు.

మరి ‘పాత’, ‘పాట’ వేరని వాళ్ళలో ఎందరు పట్టగలరు? మనస్తత్వ శాస్త్రవేత్తలు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో కెనడాలో హిందీ త, ట ధ్వనులు వినిపిస్తే, ఇంగ్లీషు ఇళ్ళలో పెరిగే 6-8 నెలల పిల్లల్లో ఎక్కువమంది తేడా పట్టారు. 10-12 నెలల పిల్లల్లో చాలామంది పట్టలేదు. అన్నప్రాసన నాటికి ఉన్న నేర్పు మొదటి పుట్టినరోజుకే తగ్గిపోతోందన్నమాట! మన పేర్లలోని ట, ణ, ళ వాళ్ళ నోట అలాగే పోతున్నాయి. దాన్ని మాత్రం ఎవరూ అస్పష్టత అనరు. మన యాస కొన్ని నిమిషాలు శ్రద్ధగా వింటే వాళ్ళ మెదడూ సర్దుకుంటుంది. ఆ శ్రమ ఎప్పుడూ మన వంతే కావడం అన్యాయం.

ఈలోగా ‘సెక్యూరిటీ ప్యాచ్’ అనండి. ముందు ఆ మాట పడితే ‘బ’ అని వినడానికి అవకాశం బాగా తగ్గుతుంది.