పాల ప్యాకెట్ వీడియో

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు నేనూ ఫోన్ పట్టుకుని ఫ్లైఓవర్ దగ్గరికి వెళ్లా. అక్కడ పాల ప్యాకెట్ల కోసం ఇద్దరు కొట్టుకుంటుంటే 20 సెకన్లు తీసి పెట్టేశా, రాత్రికల్లా ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది, నిజం చెప్పొద్దూ, వ్యూస్ చూసి భలే సంబరపడ్డా.

రెండ్రోజులకి జర్మనీలో ఉండే మా బావ ఫోన్. "ఏరా, మా ఆఫీసులో వాళ్లు నీ వీడియో చూపించి మీ ఇండియాలో ఇంతేనా అని అడుగుతున్నార్రా" అన్నాడు. ఏం చెప్పాలో తెలీలా. అదే రోజు నడుంలోతు నీళ్లలో ఒక కుర్రాడు ముసలావిడని భుజాల మీద ఎక్కించుకుని రావడం చూశా, ట్రాక్టర్ల మీద పులిహోర పొట్లాలు పంచినోళ్లని చూశా, అవతల ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వస్తున్నా జనం ఆగలేదు. అందులో ఒక్కటీ తీయలా. తీయాలనే తోచలేదు.

అలాగని డ్రోన్ ఎగరేసి ఇంద్రకీలాద్రి, కృష్ణమ్మ, లైట్లు మాత్రమే చూపించి ఆహా ఓహో అనే బ్యాచ్ కూడా నాకు పడదు, ఆ మురుగూ ఆ ఆక్రమణలూ మనవే కదా. ఆకలితో ఉన్నోళ్లు ప్యాకెట్ కోసం కొట్టుకున్నారంటే తప్పు వాళ్లది కాదు, ముందూ వెనకా చెప్పకుండా ముక్క కోసి పెట్టిన నాది.

డిలీట్ అయితే చేశా. మొన్న ఎవరో అదే క్లిప్‌కి వేరే రాష్ట్రం పేరు తగిలించి పెట్టారు.