స్వేచ్ఛ అడిగితే ప్రాజెక్టు ఇచ్చారు

ఫ్రెంచ్ సోషియాలజిస్టులు లుక్ బోల్టాన్‌స్కీ, ఎవ్ కియాపెల్లో 1999లో పెట్టుబడిదారీ విధానపు 'కొత్త స్ఫూర్తి' మీద తెచ్చిన పుస్తకం చదువుతున్నా. 1960ల, 1990ల మేనేజ్‌మెంట్ పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూశారు వాళ్లు. 1968 మేలో ఫ్రాన్స్ వీధుల్లో విద్యార్థుల, కార్మికుల నిరసనల్లో వినిపించిన కోరికలు కొన్ని: పైవాళ్ల పెత్తనం వద్దు, పనిలో స్వేచ్ఛ కావాలి. కంపెనీలు ఆ మాటలనే తమవి చేసుకున్నాయి. టీమ్‌లొచ్చాయి, ప్రాజెక్టులొచ్చాయి. ఉద్యోగ భద్రత మాత్రం సన్నగిల్లింది.

మా ఆఫీసు అప్రైజల్ (పనితీరు మదింపు) ఫారంలో చొరవకీ, ఫ్లెక్సిబిలిటీకీ మార్కులుంటాయి. ప్రాజెక్టు అయిపోయి బెంచ్ మీద, అంటే ఇంకో ప్రాజెక్టు కోసం ఎదురుచూస్తూ ఉన్నప్పుడు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఆ టెన్షన్ నా ఒక్కడిదే కాదని, దాని వెనక ఇంత చరిత్ర ఉందని తెలిశాక ఊరటా కలిగింది, కోపమూ వచ్చింది. యూనియన్ మాటెత్తడానికే జంకే నా తోటి ఉద్యోగులకు ఈ పుస్తకం గురించి ఒక్కొక్కరికీ చెబుతున్నాను.