హెడ్‌మాస్టర్ గారు ఊళ్లో లేని రోజు

గాజువాక వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. అక్కడి హెడ్‌మాస్టర్ గారు క్లాసు మధ్యలో గుమ్మంలో నిలబడి లెసన్ ప్లాన్ రాశారా అని అడిగేవారే తప్ప, పిల్లలకి భిన్నాలు అర్థమయ్యాయా అని ఒక్కసారీ అడగలేదు. ఆయన డీఈవో ఆఫీసుకి వెళ్లిన రోజు సగం క్లాసులు నడిచేవే కావు.

1930ల చివర్లో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వవేత్త బృందం అమెరికాలో మగపిల్లల క్లబ్బుల మీద చేసిన ప్రయోగంలోనూ ఇంతే. పెత్తనం చేసే నాయకుడు గది దాటగానే పని పడిపోయింది, అందరితో మాట్లాడి నిర్ణయించే నాయకుడు లేకపోయినా సాగింది. వాళ్లు పిల్లలు, మేం టీచర్లం, నిజమే, కానీ చదువుతుంటే మా స్టాఫ్ రూమే కళ్లముందు కనిపించింది.

తర్వాత మధురవాడలో పనిచేసినప్పుడు హెడ్‌మిస్ట్రెస్ మేడం వెనక బెంచీలో కూర్చుని మొత్తం వినేవారు. "రెండో లెక్క దగ్గర కిటికీ పక్క వరసని వదిలేశారమ్మా, రేపు అక్కణ్నుంచే మొదలుపెట్టండి" అనేవారు, అదీ అందరి ముందు కాదు, విడిగా పిలిచి. ప్రభుత్వ యాప్‌లో రోజూ మధ్యాహ్న భోజనం ఫొటోలు, బడి టాయిలెట్ల ఫొటోలు పెట్టే తలనొప్పి కూడా చాలావరకు తనే చూసుకునేవారు, దాంతో ఆ టైములో వెనకబడ్డ పిల్లల్ని కూర్చోబెట్టుకునేవాళ్లం, ఎవరూ చెప్పకుండానే. హెడ్‌మాస్టర్ ప్రమోషన్‌కి సీనియారిటీ చూస్తే చూడండి, ఇలా కూర్చుని పాఠం వినడం కూడా హెడ్‌మాస్టర్ల ట్రైనింగ్‌లో నేర్పించండి.