గోడ రంగు కింద గోర్కీ బొమ్మలు

అమెరికాలోని నెవార్క్ మ్యూజియంలో చిత్రకారుడు ఆర్షైల్ గోర్కీ మ్యూరల్స్ (గోడల కోసం వేసిన పెద్ద బొమ్మలు) చూసొచ్చాను, ఇంకా మనసులోంచి పోవడం లేదు. 1930ల మహా మాంద్యం రోజుల్లో పని లేని ఆర్టిస్టులకు అమెరికా ప్రభుత్వం వారం వారం జీతమిచ్చి బొమ్మలు వేయించింది కదా, అలా ఈయన నెవార్క్ ఎయిర్‌పోర్ట్ కోసం విమానం రెక్కల్నీ తోకల్నీ విడదీసి తన పద్ధతిలో మళ్ళీ పేర్చి 10 ప్యానెళ్ళు వేశాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, ఎయిర్‌పోర్ట్ సైన్యం చేతికి వెళ్ళింది, బొమ్మల మీద గోడ రంగు కొట్టేశారు. 1970ల్లో వెతికితే 14 పూతల కింద రెండే దొరికాయి. మిగతా ఎనిమిదీ పోయినట్టే.

1943 సంగతి ఇంకా ఘోరం. ఆర్టిస్టులకు జీతమిచ్చిన ఆ ప్రభుత్వ ప్రోగ్రాం మూసేశాక న్యూయార్క్ గోదాములో పడున్న కాన్వాసుల్ని పాత సామాన్ల కింద తూకానికి అమ్మేశారు. పైపులకు చుట్టడానికి కొన్నారట, వేడికి ఆయిల్ పెయింట్ కంపు కొడుతోందని వదిలేశారట! జనం డబ్బుతో గీయించిన బొమ్మల్ని ఇలా అమ్మేస్తుంటే ఒక్కరూ అడ్డుపడలేదా అని నా కోపం.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు మీ ఊరి పాత పోస్టాఫీసుకి వెళ్తే పోస్ట్‌మాస్టర్ గది తలుపు పైన ఒకసారి చూడండి, ఆ రోజుల మ్యూరల్ ఉండొచ్చు. కనిపిస్తే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.