సబ్బసిగె అనుకుని సోంపు పెంచాను

నిన్న సాయంత్రం మేడ మీద నాలుగు గింజలు అరచేతిలో నలిపి వాసన చూశాను. అనుమానం లేదు, సబ్బసిగే, అంటే ఇంగ్లిష్‌లో డిల్ అనే ఆకుకూర. ఈ ఒక్క మాట ధైర్యంగా అనడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

మాది నంద్యాల. పెళ్లయి బెంగళూరు వచ్చేదాకా ఈ ఆకు నేను తినలేదు. హైదరాబాదులో సోయకూర అంటారని మా ఆడపడుచు చెప్పింది. ఇక్కడ బాలింతలకు పాలు పడతాయని తప్పకుండా పెడతారు. మా పాప పుట్టినప్పుడు కింది ఇంటి కన్నడ ఆంటీ ఈ ఆకు వేసిన అక్కి రొట్టెలు (బియ్యప్పిండి రొట్టెలు) డబ్బాలో పెట్టి పంపేవారు. అలా రుచి మరిగాను.

హోరమావులో మా ఇంటి మేడ మీద పన్నెండు అంగుళాల లోతున్న గ్రో బ్యాగులు నాలుగు పెట్టాను. స్లాబు కారుతుందని ఓనరు గొణిగారు. కింద ట్రేలు పెట్టాక ఊరుకున్నారు.

అసలు కథ విత్తనం దగ్గర మొదలైంది. కొంటే నాటు విత్తనమే కొనాలి, ఏటా మన గింజలే మనం దాచుకోవాలి అని నా పట్టుదల. ఆన్‌లైన్‌లో "హెయిర్‌లూమ్ డిల్" అని అందమైన ప్యాకెట్ కనిపిస్తే 149 రూపాయలు పోసి తెప్పించాను. గింజలు పొడుగ్గా, ఆకుపచ్చగా, గీతలు గీతలుగా ఉన్నాయి. "అచ్చం సోంపులా ఉన్నాయి చూడండి" అని మా ఆయనకి నేనే చూపించాను. సోంపులా ఎందుకున్నాయంటే అవి సోంపు కాబట్టి. ఆ మాత్రం తట్టలేదు!

సగం గింజలు ట్రేలో పోసి, మొలిచాక తీసి నాటితే అన్నీ తలలు వాల్చేశాయి. ఈ జాతి మొక్కలకు తల్లివేరు లోతుగా దిగుతుంది, కదిపితే ఒప్పుకోవు. మిగతా సగం అక్టోబరులో నేరుగా సంచుల్లోనే చల్లాను. డిసెంబరుకల్లా నెమలి ఈకల్లా ఎదిగాయి. ఆకు నమిలితే తియ్యగా ఉంది. నాటు రకం కదా, తియ్యగానే ఉంటుందని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చేసుకున్నాను.

అది అనపకాయల కాలం. మా వీధిలో నలుగురిని పిలిచి, అనపగింజల ఉప్మా, అక్కి రొట్టె నా పంటతోనే చేశాను. వడ్డిస్తూ నాటు విత్తనాల గొప్పతనం మీద ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆంటీ ఒక ముక్క తిని ఆగారు. ఇంకో ముక్క తిన్నారు. మేడ మీదికి వెళ్లి రెమ్మ తుంచుకొచ్చి వాసన చూసి, అందరి ముందూ "ఇదు సబ్బసిగె అల్ల కణమ్మా" (ఇది సబ్బసిగె కాదమ్మా) అన్నారు. ఎదురింటి పిల్లాడు వెంటనే, "హోటల్లో బిల్లుతో పాటు ఇస్తారే, ఆ సోంపు వాసన!" అన్నాడు. అందరూ నవ్వారు, మా ఆయన అందరికంటే ఎక్కువ. ఆ రాత్రి మిగిలిన పిండి పారబోస్తుంటే ఏడుపొచ్చింది.

మర్నాడు అమ్మినవాళ్లకు ఫోన్ చేశాను. ఫొటో పంపమన్నారు, పంపాను. "మొలకెత్తాయి కదా మేడమ్, మా గ్యారంటీ మొలకకే" అన్నాడు. ఏ మొలకో వాళ్లకు అనవసరం! ప్యాకెట్ మీద బొమ్మ చూసి విత్తనం కొనకండి. సబ్బసిగె గింజ బల్లపరుపుగా, గోధుమరంగులో, చుట్టూ పల్చటి అంచుతో ఉంటుంది. నలిపితే ఘాటు రావాలి, తీపి వాసన రాకూడదు.

చివరికి దారి చూపించింది పొద్దున్నే బండి మీద ఆకుకూరలు తెచ్చే ఆవిడ. హోసకోటె పక్క పల్లె ఆమెది. నా గోడు విని, మర్నాడు పేపర్లో చుట్టి ఎండిన పూగుత్తి ఒకటి తెచ్చిచ్చింది. డబ్బులు తీసుకోలేదు, రోజూ తన దగ్గరే కొనమంది. కొంటున్నాను. సూపర్‌మార్కెట్‌లో ప్లాస్టిక్ చుట్టిన ఆకులకు డబ్బులు తగలేసేవాళ్లకు ఇలాంటి మనిషి ఎక్కడ దొరుకుతుంది?

జనవరిలో ఆ గుత్తి గింజల్ని నేరుగా సంచుల్లో చల్లి, పైన ఎరువు పల్చగా దులిపాను. మగ్గుతో పోస్తే గింజలు కొట్టుకుపోతాయని స్ప్రేతో తడిపాను. తొమ్మిదో రోజుకి మొలిచాయి. ఒత్తుగా ఉన్నవి పీకి పప్పులో వేశాను. ఫిబ్రవరి చివర్లో అసలు కోత. మార్చిలో ఎండ ముదరగానే ఆకు తగ్గి పసుపు పూల గొడుగులు లేచాయి. ఎండకి అది పూతకు రావడం మామూలే, మందులు కొట్టొద్దు. కాడలకి పేనుబంక పడితే నీళ్లతో కడిగేశాను, తర్వాత అక్షింతల పురుగులు వచ్చి మిగతా పని చూసుకున్నాయి.

ఇప్పుడు గుత్తులు గోధుమరంగుకి తిరిగాయి. వచ్చేవారం కోసి కాగితం సంచిలో తలకిందులుగా వేలాడదీస్తాను. సోంపు మొక్కలు రెండు ఇంకా మూలన ఉన్నాయి, అత్తయ్య భోజనం అయ్యాక ఆకు నములుతారు. ఆంటీ తన కుండీలకు చెంచాడు గింజలు అడిగారు. ఇస్తాను, కానీ ముందు ఒక గింజ ఆవిడ చేతే కొరికిస్తాను, అదీ ఎదురింటి పిల్లాడి ముందు.